సంతకం పెట్టే ముందు మేడెక్కి చూడాలి

పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీయో, ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్కో చేసి కన్సల్టెన్సీల్లో చేరాలనుకునే పిల్లలు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "అక్కా, ఏం నేర్చుకుంటే తొందరగా నిలదొక్కుకుంటాం?" అడిగేసరికే వాళ్ల దగ్గర ఒక జాబితా తయారుగా ఉంటుంది. మ్యాపులు తయారు చేసే క్యూజీఐఎస్, గాలిలో కాలుష్యం ఎటు ఎంత పాకుతుందో లెక్కగట్టే ఏర్‌మాడ్, డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్, ఏదో ఒక ఆన్‌లైన్ సర్టిఫికెట్. అవి అక్కర్లేదని నేను అనను. నా టేబుల్ మీద కూడా రోజూ అవే తెరిచి ఉంటాయి. అయితే ఈ వృత్తిలో ఇంటర్న్‌గా వచ్చిన మనిషి నిపుణురాలు అనిపించుకునేది ఒక అంకె ఎక్కడ పుట్టిందో దగ్గరుండి చూసి, దానికి తాను పూచీ పడగలిగినప్పుడే. మన ఆఫీసులు మాత్రం పిల్లల్ని ఆ అంకె పుట్టే చోటికి పంపకుండానే పెద్దవాళ్లను చేసేస్తున్నాయి. నా గొడవంతా దీని గురించే.

ఈ పని సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పెద్ద సిమెంటు ఫ్యాక్టరీయో, గనో, బల్క్ డ్రగ్ యూనిటో పెట్టాలంటే 2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం ముందుగా పర్యావరణ అనుమతి తెచ్చుకోవాలి. అందుకోసం ఆ స్థలం చుట్టూ, మామూలుగా పది కిలోమీటర్ల మేర, గాలి, నీరు, నేల, చప్పుడు, చెట్టూ పిట్టా, మనుషుల బతుకుదెరువు ఇప్పుడెలా ఉన్నాయో వానాకాలం కాని ఒక సీజన్ మొత్తం కొలవాలి. ప్రాజెక్టు వస్తే ఏమవుతుందో అంచనా కట్టి నివేదిక ఇవ్వాలి. ఆ నివేదిక రాసేది మేము. మాకు డబ్బులిచ్చేది కంపెనీ. మేం రాసింది చూసి ప్రభుత్వం అనుమతి ఇచ్చేది కూడా ఆ కంపెనీకే. ఈ వృత్తిలో చిక్కంతా ఇక్కడే ఉంది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

కొత్తగా చేరిన ఇంటర్న్‌కు మొదటి రోజు ఇచ్చే పని చాలా చోట్ల ఒక్కలాగే ఉంటుంది. పాత రిపోర్టు ఒకటి పెన్ డ్రైవ్‌లో పెట్టి, "ఇందులో ఊళ్ల పేర్లు, మండలం, జిల్లా మార్చు, టేబుల్స్ తర్వాత పంపిస్తాం" అంటారు. వారం తిరక్కుండా ఆ పిల్లకు ఫార్మాట్ నోటికొచ్చేస్తుంది. నెల తిరిగేసరికి, కళ్లతో చూడని వాగు గురించి రెండు పేజీలు తడుముకోకుండా రాసేస్తుంది. "చురుకైన పిల్ల" అని మెచ్చుకుంటారు కూడా. ఆ మెప్పు దగ్గరే నష్టం మొదలవుతుంది. వాగును చూడకుండా రాయవచ్చన్న ధైర్యం ఒకసారి వచ్చిందంటే మళ్లీ పోగొట్టడం కష్టం.

ఇది ఎంత దూరం పోతుందో మహారాష్ట్రలో జరిగిన సంగతి చెబుతుంది. రత్నగిరి జిల్లాలో ఒక బాక్సైట్ గని కోసం ఇచ్చిన ఈఐఏ నివేదికలో స్ప్రూస్ చెట్ల అడవుల్లోనూ, పైన్, బర్చ్ చెట్లు కలిసిన అడవుల్లోనూ పక్షుల ఆవాసాలున్నాయని రాసి ఉంది. కొంకణ తీరంలో స్ప్రూస్ అడవులేమిటని ఆరా తీస్తే, రష్యాలోని ఒక బాక్సైట్ గని నివేదిక నుంచి పేరాలకు పేరాలు ఎత్తి రాసినట్టు బయటపడింది. రత్నగిరి కొండల్లో ఒక్క పూట తిరిగిన మనిషి చేతి నుంచి ఆ వాక్యం వచ్చేది కాదు. ఈ వృత్తిలో ఉన్న అందరికీ ఆ కథ తెలుసు, చెప్పుకుని నవ్వుకుంటారు. నాకు నవ్వు రాదు. మన రిపోర్టుల్లో వృక్ష జంతు జాలం పట్టికలు ఎన్నో పక్క జిల్లా రిపోర్టు నుంచి వచ్చినవే. చెట్లు మన ప్రాంతానివే కాబట్టి పట్టుబడటం లేదు, అంతే తేడా.

అమ్మాయిల విషయంలో ఇది ఇంకా గట్టిగా బిగుసుకుపోయి ఉంది. నేను చేరినప్పుడు అబ్బాయిల్ని ఫీల్డుకు, మమ్మల్ని డాక్యుమెంటేషన్‌కు అని విడదీశారు. చెడు ఉద్దేశంతో కాదు. "ఆ ఊళ్లల్లో లాడ్జీలు బాగుండవమ్మా, రాత్రిపూట పేపర్లు మార్చాలి, నీకెందుకు ఆ తిప్పలు, ఇక్కడే రిపోర్టు చూసుకో" అని మా సార్ నిజంగా జాలితోనే అన్నారు. ఆ జాలికి మేం కట్టిన మూల్యం మాత్రం తక్కువేం కాదు. కన్సల్టెంట్లకు గుర్తింపు ఇచ్చే నాబెట్ పద్ధతిలో గాలి, నీరు, భూగర్భ జలం, జీవ వైవిధ్యం, సామాజిక ఆర్థిక పరిస్థితులు ఇలా ఒక్కో రంగానికి ఒక్కో నిపుణుడు ఉండాలి. ఆ హోదాకు చేసిన పని చూపించాలి, అడిగినదానికి ఎదురుగా కూర్చుని జవాబు చెప్పాలి. ఫీల్డు చూడని అమ్మాయి అక్కడ ఏం చెబుతుంది? ఐదేళ్లు ఇంకొకరి అంకెలకు అక్షరాలు దిద్దుతూ గడిపాక, నీకు అనుభవం లేదని మళ్లీ వాళ్లే అంటారు. నేను పోట్లాడి ఫీల్డుకు వెళ్లాను. నా చదువు నిజంగా మొదలైంది అక్కడే.

పల్నాడులో సున్నపురాయి గనులున్న వైపు ఒక ఊరు. జనవరి దాటి మిరప కోతలు నడుస్తున్న రోజులు. ఒక డాబా మీద రెస్పిరబుల్ డస్ట్ శాంప్లర్ పెట్టాం. గాలిని లాగి, పెద్ద దుమ్మును కింద గిన్నెలోకి వదిలి, పీఎం10 అనే సన్నటి దుమ్మును గ్లాస్ ఫైబర్ కాగితం మీద పట్టే యంత్రం అది. కాగితాన్ని ల్యాబ్‌లో, తేమ పీల్చే డెసికేటర్ పెట్టెలో 24 గంటలు ఉంచి, తేమ పోయాక తూచి, ఫీల్డుకు తెచ్చి బిగిస్తారు. ఎనిమిది గంటలకోసారి మారుస్తారు. తిరిగి తీసుకెళ్లి మళ్లీ అలాగే ఆరబెట్టి తూస్తారు. పెరిగిన బరువును, లాగిన గాలి పరిమాణంతో భాగిస్తే అంకె వస్తుంది. పుస్తకంలో ఇంతే.

మాతో వచ్చిన ఫీల్డ్ టెక్నీషియన్ పెద్ద డిగ్రీలు చదివినవాడు కాదు, కానీ ఈ యంత్రాలతో పెరిగినవాడు. ఆఫీసులో అందరం అన్నా అనే పిలిచేవాళ్లం. తెల్లారి నిచ్చెన ఎక్కి చూస్తే యంత్రం తిరుగుతోంది, కాగితం సరిగ్గానే ఉంది. నేను కవరు తీసి కాగితం పెట్టుకోవడానికి సిద్ధమయ్యాను. అన్న కాగితం జోలికి పోకుండా ముందు వంగి గంటల మీటరు చూశాడు. రాత్రి పది నుంచి తెల్లారి ఆరు దాకా ఎనిమిది గంటలు తిరగాల్సిన చోట మూడు గంటలు కూడా కదల్లేదు.

కిందికి దిగి ఇంటావిడను అడిగితే ఆవిడ దాచలేదు. "ఆ మోతకి మనవడు నిద్రపోలేదమ్మా, నెత్తి మీద మిక్సీ తిరుగుతున్నట్టే ఉంది. ఆపేసి పొద్దున్నే మళ్లీ వేశా. ఏమన్నా పాడైపోయిందా?" అంది. అన్న ఆవిడ మీద ఒక్క మాట తూలలేదు. పిల్లాడి సంగతి అడిగాడు, వాళ్లిచ్చిన టీ తాగాడు, ఆ తర్వాత నా చేతికి ఫీల్డ్ షీట్ ఇచ్చి రాయమన్నాడు. యంత్రం ఎప్పుడు ఆగిందో, మళ్లీ ఎప్పుడు మొదలైందో ఇంటివాళ్లు చెప్పిన ప్రకారం, మీటరు చూపించిన గంటలు, కరెంటు పోలేదన్న సంగతి, నమూనా చెల్లదన్న మాట. పక్కన ఇరవై అడుగుల దూరంలో మిరప కల్లం ఉందని, నిన్న సాయంత్రం అక్కడ కాయలు ఎత్తి ఊడ్చారని కూడా రాయించాడు. "అది కూడా ఎందుకన్నా?" అంటే, "నిన్న పగటి కాగితం బరువు ఎక్కువొస్తే రేపు ఆఫీసులో కూర్చున్నోళ్లకు కారణం ఎవరు చెబుతారమ్మా?" అన్నాడు.

ఇదంతా అయ్యాక ఆఫీసుకు ఫోన్ చేశాం. అవతల ఉన్న పెద్దాయన తేలిగ్గా తేల్చేశారు: "ఒక్క షిఫ్టే కదా, మిగతా రోజుల సగటు వేసేయండి, బండి వెనక్కి పంపండి." అన్న గొంతు పెంచలేదు. "సార్, కాగితం లేకుండా అంకె ఎక్కడి నుంచి తెమ్మంటారు? ఇంకో ఇంటి మీద పెట్టి మళ్లీ మొదటి నుంచి తీస్తాం" అన్నాడు. అలాగే తీశాం. బండి అద్దె పెరిగిందని తర్వాత మాకు చీవాట్లు పడ్డాయి.

ఆ రాత్రి లాడ్జిలో కూర్చుని నేను లెక్క వేసి చూశాను. మూడు గంటల్లో పట్టిన దుమ్మును ఎనిమిది గంటల గాలితో భాగించి ఉంటే, కాగితం మీద ఆ ఊరి గాలి దుమ్ము సగం కంటే తక్కువకు పడిపోయేది. మన జాతీయ ప్రమాణాల్లో, 2009లో ప్రకటించిన ప్రకారం, పీఎం10 రోజు సగటు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. ఇప్పుడున్న దుమ్ముకు ఫ్యాక్టరీ వదలబోయే దుమ్ము కలిపి ఆ గీత లోపలే ఉందని నివేదిక చూపించాలి. ఇప్పుడున్న దుమ్మును తక్కువ చేసి చూపిస్తే ఫ్యాక్టరీ ఇంకాస్త ఎక్కువ వదలడానికి చోటు దొరికినట్టే. గంటల మీటరు వైపు చూడకపోవడం అంటే ఆ ఊరి పిల్లల ఊపిరితిత్తుల్లోంచి చోటు తీసి ఇచ్చేయడం. ఏర్‌మాడ్‌లో తప్పు అంకె వేసినా ఒప్పు అంకె వేసినా రంగురంగుల వలయాలు ఒక్కలాగే అందంగా వస్తాయి. తేడా తెలిసేది ఆ డాబా ఎక్కినవాళ్లకే.

అంకె నిజమైతే చాలదు. దాన్ని ఎక్కడ కొలిచారన్నది కూడా చూడాలి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడి 12 మంది చనిపోయిన సంగతి తెలుగువాళ్లెవరూ మరిచిపోలేదు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ బయటపెట్టిన లోపాల్లో ఒకటి నన్ను ఇప్పటికీ వదలదు. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే ఉంది. పైభాగంలో స్టైరీన్ వేడెక్కి పాలిమర్‌గా మారుతున్నా కింద అంకె మామూలుగానే ఉంటుంది. రిజిస్టర్‌లో రోజూ అంకె ఎక్కుతూనే ఉంది, ఆ అంకె అబద్ధం కూడా కాదు. అది అడుగుకు మాత్రమే నిజం. మా ఇంటర్న్‌లకు ఏ పట్టిక ఇచ్చినా ముందు అడగమనేది ఇదే: ఈ కొలత ఏ చోటిది, ఏ ఎత్తుది, ఏ పూటది?

ఇంకో అడుగు ముందుకెళితే పటాన్‌చెరు. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రానికి బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థ జలాలు వచ్చేవి. శుద్ధి అయ్యాక బయటికి వదిలే నీటికి ఫారాల ప్రకారం పీహెచ్, బీవోడీ, సీవోడీ, టీడీఎస్ లాంటి మామూలు కాలుష్య కొలతలు చూసేవాళ్లు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఫారంలో లేని ప్రశ్న వేసింది: ఈ నీళ్లలో మందులెన్ని ఉన్నాయి? సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ఆ మందు మింగిన మనిషి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. మందులకు లొంగని బ్యాక్టీరియా గురించి ప్రపంచమంతా పటాన్‌చెరు పేరు చెప్పుకునేలా చేసిన అంకె అది. మన ల్యాబుల్లో, మన కన్సల్టెన్సీల్లో అంతకుముందు ఎన్ని నమూనాలు తీసి ఉంటారు! అక్కడ మందులు తయారవుతాయని అందరికీ తెలుసు, నీళ్లలో వెతకాలని ఎవరికీ తోచలేదు. ఫారం నింపడం వచ్చినవాళ్లు మంచి ఉద్యోగులవుతారు. ఫారంలో ఏ గడి లేదో పట్టుకోగలిగినవాళ్లను నేను నిపుణులంటాను.

అందుకే ఇంటర్న్‌లు నీటి సీసా వెంట ల్యాబ్ దాకా నడవాలంటాను. బోరు నీళ్లు పట్టేముందు పైపులో నిలవ ఉన్న నీళ్లు పోయేదాకా మోటారు కాసేపు వదలాలి. కరిగిన ఆక్సిజన్ కోసం పట్టిన సీసాలో రసాయనాలు అక్కడికక్కడే వేసేయాలి. లోహాలు చూడాల్సిన సీసాలో నైట్రిక్ యాసిడ్ పడాలి. ఇవన్నీ పుస్తకంలో చదివినవే. అయినా ఎండలో, దాహంతో, డ్రైవర్ హారన్ కొడుతుండగా ఆ పనులు చేయడం వేరు. ఐస్ బాక్సులో ఐస్ కరిగిపోయి, దగ్గర్లో కూల్‌డ్రింకు షాపు వెతుక్కున్న మనిషికి, ఆ తర్వాత పట్టికలో ఏ అంకె కనిపించినా దాని వెనక ఏం తప్పిపోయి ఉండవచ్చో తడుతుంది.

ప్రజాభిప్రాయ సేకరణకు కూడా ఇంటర్న్‌లను తీసుకెళ్లాలి, వేదిక వెనక కుర్చీలు వేయించడానికి కాదు, జనంలో కూర్చోవడానికి. ముప్పై రోజుల ముందు నోటీసు, కలెక్టర్‌గారో ఆయన తరఫున వచ్చిన అధికారో అధ్యక్షత, వీడియో, పోలీసులు, షామియానా. తెలుగులో నివేదిక సారాంశం పంచాలి. అది తయారు చేసే పని ఎప్పుడూ ఇంటర్న్‌లకే పడుతుంది. ఊరివాళ్లు చదివే భాగం అదొక్కటే, ఆఫీసులో ఎవరూ తిరిగి చూడని భాగం కూడా అదే. నేను చూసిన ఒక సభలో ఒక రైతు సారాంశం కాగితాలు చేత్తో పట్టుకుని లేచాడు. "మా పొలాలకు నీళ్లొచ్చే వాగు ఈ కాగితంలో ఎక్కడుందో చూపించండి సార్" అని అడిగాడు. లేదు. సమీప నీటి వనరులని ఒక ముక్క ఉంది, అంతే. వేదిక మీద ఉన్న మా నిపుణులెవరికీ ఆ వాగు పేరు తెలియదు. దాని గట్టున సీసాలు పట్టిన మా అన్నను ఆ రోజు తీసుకురాలేదు.

శ్రీకాకుళం జిల్లా సోంపేటలో ఇంతకన్నా ఘోరమే జరిగింది. థర్మల్ కేంద్రం కోసం అనుకున్న బీల భూములు పనికిరాని నేల అన్నట్టు కాగితాల్లోకి ఎక్కాయి. నిజానికి అవి నీరు నిలిచే చిత్తడి నేలలు, చుట్టుపక్కల ఊళ్ల సాగుకూ చేపల వేటకూ ఆధారం. 2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకిచ్చిన అనుమతిని రద్దు చేసింది. బీల గట్టు మీద నిలబడితే ఎవరికైనా కళ్లకు కనిపించే నీళ్లు కాగితంలో కనిపించకుండా పోవడానికి ఎంతమంది సంతకాలు పడి ఉంటాయో నేను తరచూ ఆలోచిస్తాను. ఈ వృత్తిలోకి వచ్చే ప్రతి తెలుగు పిల్లకూ పిల్లాడికీ సోంపేట సంగతి మొదటి వారంలోనే చెప్పాలి.

ఇక్కడ నన్ను ఆపి అడుగుతారు: "కంపెనీ డబ్బులిస్తోంది, బాస్ సగటు వేయమంటున్నాడు, ఇంటర్న్ ఏం చేస్తుంది అక్కా? ఎదురు చెబితే సర్టిఫికెట్ కూడా రాదు." నిజమే. స్టైపెండ్ లేకుండా, కొన్నిచోట్ల బస్సు చార్జీలు కూడా సొంతంగా పెట్టుకుని పనిచేసే పిల్లల భుజాల మీద వ్యవస్థను సరిచేసే బరువు పెట్టడం అన్యాయం. ఆ బరువు సంతకం పెట్టేవాళ్లది. నాబెట్ పద్ధతిలో ప్రతి రంగం నిపుణుడూ తన భాగానికి తాను బాధ్యుడినని నివేదికలో రాసి సంతకం చేస్తాడు. ఆ సంతకం చేసే మనిషి డాబా ఎక్కని రోజు, కింద ఉన్న ఇంటర్న్‌కు ధైర్యం నూరిపోసి లాభం లేదు. కన్సల్టెంట్‌ను ఎంచుకోవడం, డబ్బు చెల్లించడం రెండూ కంపెనీ చేతిలోంచి తప్పించి ఒక ఉమ్మడి నిధి ద్వారా జరగాలని చాలామంది చాలాకాలంగా అడుగుతున్నారు. నేనూ అదే కోరుకుంటాను. అది వచ్చేదాకా ఎంత మంచి ఆఫీసులోనైనా ఒత్తిడి ఉంటూనే ఉంటుంది.

అలాగని ఇంటర్న్ చేతిలో ఏమీ లేదనుకోకండి. ఫీల్డ్ షీట్ ఉంది. జరిగింది జరిగినట్టు, అదే రోజు, పెన్నుతో, టైముతో సహా రాసి పెట్టండి. మీటరు ఫొటో తీయండి. అంకె మార్చమన్నప్పుడు పోట్లాడక్కర్లేదు, "సార్, షీట్‌లో ఇలా ఉంది, ఏది వేయమంటారో మెయిల్ పెట్టండి" అని మర్యాదగా అడగండి. నోటితో తేలిగ్గా అనేసిన మాటను మెయిల్‌లో రాయడానికి చాలామంది వెనకాడతారు. మెయిల్‌లో కూడా రాసిచ్చే ఆఫీసైతే, ఇంకో ఆఫీసు వెతుక్కోవడం మొదలుపెట్టండి. ఈ రంగం చిన్నది, ఫీల్డ్ షీట్ సరిగ్గా రాసే మనిషి పేరు ల్యాబుల్లో, మిగతా కన్సల్టెన్సీల్లో మీకన్నా ముందే తిరుగుతుంది. నాకు రెండో ఉద్యోగం అలాగే వచ్చింది.

మిగతాదంతా ఆఫీసులు చేయాల్సింది. ఇంటర్న్‌కు స్టైపెండ్ ఇవ్వాలి, ఫీల్డుకు పంపితే బత్తా ఇవ్వాలి. అమ్మాయిలకు ఊళ్లో తలుపు గడియ సరిగ్గా పడే గది, బాత్‌రూమ్ ముందే చూసి పెట్టాలి. అది పెద్ద ఖర్చు కాదు, ముందు రోజు ఒక ఫోన్ చేసే శ్రద్ధ ఉంటే చాలు. టెక్నీషియన్లను డ్రైవర్ పక్క సీటు నుంచి మీటింగు గదిలోకి తీసుకురావాలి. పాత రిపోర్టు చేతికిచ్చే ముందు కనీసం ఒక సీజన్ నమూనాలు తీయించాలి.

అన్నిటికన్నా ముఖ్యం, రాసిన చోటికి తిరిగి పంపాలి. అనుమతి వచ్చాక కంపెనీలు ఏటా జూన్ 1కి, డిసెంబర్ 1కి షరతుల అమలుపై నివేదిక ఇవ్వాలి. మా నివేదికలో మేమే రాసినట్టు స్థలంలో మూడో వంతు పచ్చదనం నిజంగా పెరిగిందా, రోడ్డు మీద నీళ్లు చల్లుతున్నారా, ఆ డాబా ఇంటివాళ్లు ఇప్పుడు ఏమంటున్నారు, ఇవి చూసి వచ్చిన జూనియర్ తర్వాతి నివేదికలో "తగిన చర్యలు తీసుకుంటారు" అన్న వాక్యం అంత సులువుగా రాయలేదు. బండి ఖర్చు ఏ పద్దులో వేయాలని మా అకౌంట్స్ వాళ్లు ప్రతిసారీ అడుగుతారు. అందుకని ఇప్పుడు కొటేషన్‌లోనే ఆ పద్దు విడిగా రాస్తున్నాను. కొన్ని కంపెనీలు కొట్టేస్తాయి, కొన్ని ఒప్పుకుంటాయి. ఒప్పుకున్న చోటికి ముందు కొత్తవాళ్లనే పంపుతున్నాను, అమ్మాయిలను కూడా.